పీలికల పాపాయి

ఈసారి పాలు ఆగిపోకూడదు. కాలరమ్మ మనసులో అంతకు మించి ఇంకో మాట లేదు. ఎనిమిదో నెల నిండబోతోంది. కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు, కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. అయినా ఆ ఒక్క మాటే పట్టుకుని ఉంది.

ఆమె అసలు పేరు ఆ చొక్కాల కంపెనీలో ఎవరికీ గుర్తులేదు. పద్నాలుగు మిషన్ల లైనులో ఆమెది ఆరో మిషన్, ఆమె పని చొక్కాకు కాలరు ఎక్కించడం. అందుకని కాలరమ్మ అయింది. ఆమెకు వెనక కూర్చున్నావిడ భుజాలు కలిపి ఇస్తుంది. ముందున్నావిడ చేతులు కుడుతుంది, ఆవిణ్ణి అందరూ చేతుల వదిన అంటారు. అన్నిటికీ చివర దారాలు కత్తిరించే దారాల పెద్దమ్మ ఉంటుంది. గుడ్డ ఆ కొసన ఎక్కితే ఈ కొసన చొక్కా అయి దిగాలి. మధ్యలో ఒక్క మనిషి లేచిందా, వెనకవాళ్ళ ఒళ్ళో గుట్టలు పడతాయి, ముందువాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చుంటారు. ‘లైను ఆగింది’ అనే మాట అక్కడ తిట్టు కన్నా పెద్దది. ఆగిందంటే చాలు, లైను నడిపించే మాస్టారు కత్తెర పిడితో బల్ల మీద ఠంగుమని కొడతాడు. ఆ చప్పుడుకి కడుపులో బిడ్డ కూడా ఉలిక్కిపడుతుందని కాలరమ్మ అంటుంది.

మొదటి కాన్పుకి ఆమె నలభై అయిదో రోజునే మిషనెక్కింది. పదిన్నర, పదకొండు అయ్యేసరికి రొమ్ములు రాళ్ళయ్యేవి. గుడ్డ మడతలు లోపల పెట్టుకుని, పైన ఇంకో గుడ్డ కప్పుకుని కుట్టేది. మరీ ఓర్చుకోలేకపోతే బాత్రూములోకి పోయి, గోడకి నుదురు ఆనించి, పిండి కాలవలో పారబోసి వచ్చేది. ఇరవై రోజులు తిరిగేసరికి రాళ్ళూ లేవు, తడీ లేదు, పాలూ లేవు. “నీ ఒంటి తత్వం అంతేలే” అన్నారు అందరూ. ఆమె కూడా అదే నమ్మింది. సీసాపాలతో పిల్ల బాగానే పెరిగింది, ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఇప్పుడు నాలుగేళ్ళు నిండి ఇల్లు పీకి పందిరేస్తోంది. కానీ బిడ్డ కోసం వచ్చినదాన్ని తన చేత్తో కాలవలో పోశానన్న దిగులు మాత్రం ఆమెను వదల్లేదు.

ఈసారి ఆస్పత్రిలో తన పొట్ట మీద టేపు పెట్టి కొలుస్తున్న నర్సమ్మని అడిగేసింది.

“ఏం తింటే పాలు ఆగకుండా ఉంటాయమ్మా? ముందు ఆ టేపు కాస్త వదులు చెయ్యండి, అలా బిగించి కొలిస్తే అంగుళం తగ్గిపోతుంది.”

నర్సమ్మ నవ్వింది. “కడుపునిండా తిను, అదెలాగూ కావాలి. కానీ పోయినసారి నీ పాలు తిండి తక్కువై ఆగలేదు. తియ్యక ఆగాయి. బిడ్డ తాగేకొద్దీ వస్తాయి. తాగకుండా నిండిపోయి ఉంటే, ఇంక అక్కర్లేదు కాబోలని ఒళ్ళే తగ్గించేస్తుంది.”

కాలరమ్మ చప్పున అందుకుంది. “మా దగ్గర ముందు మిషన్ మీద గుట్ట పడితే, మాస్టారు వెనకాల కటింగ్ ఆపించేస్తాడు. అలాగన్నమాట!”

“అచ్చం అలాగే. ఇన్నేళ్ళుగా చెప్తున్నా నాకింత బాగా చెప్పడం రాలేదు.”

నర్సమ్మ ఒక దిండు తెచ్చి ఆమె చేతుల్లో పెట్టి, పట్టుకునే తీరు చూపించింది. పుట్టిన గంటలోపే రొమ్ముకి ఆనించాలంది. మొదట వచ్చే చిక్కటి ముర్రుపాలు చెంచాడే అయినా బెంగపడొద్దు, బిడ్డ పొట్టకి అంతే చాలంది. నోరు బాగా తెరిచాక బిడ్డను మన దగ్గరికి తెచ్చుకోవాలిగాని మనం బిడ్డ మీదికి వంగకూడదంది. “నొప్పెడితే పళ్ళ బిగువున ఓర్చుకోకు. పట్టు సరిగ్గా పడలేదని అర్థం. వేలితో మెల్లగా విడిపించి మళ్ళీ మొదలెట్టు” అంది. అంతా చెప్పి చివర్న, “వీటన్నిటికీ మేమున్నాం. నీ మిషన్ దగ్గర ఏం చేస్తావో అది మాత్రం నువ్వే తేల్చుకోవాలి. బిడ్డ వచ్చాక నిద్ర చాలక బుర్ర పనిచెయ్యదు. ఇప్పుడే తేల్చుకో” అంది.

మర్నాడు పొద్దున్నే కాలరమ్మ మాస్టారి బల్ల ముందు నిలబడింది. మాస్టారు చెడ్డమనిషి కాడు. లైను తప్ప ఇంకేదీ కంటికి ఆనని మనిషి, అంతే.

“మాస్టారూ, నేను మళ్ళీ పనిలోకొచ్చాక పదిన్నరకి ఇరవై నిమిషాలు, మూడున్నరకి ఇరవై నిమిషాలు కావాలి. కూర్చోడానికి గుండీల గది కావాలి. భోజనం వేళ నేనే ఇంటికి పరిగెత్తి వస్తా, దాంతో మీకు పనిలేదు.”

“నువ్వు సెలవు మీద వెళ్ళేదే వచ్చే శనివారం. కనాలి, తేరుకోవాలి, రావాలి. అప్పుడు చూద్దాంలేమ్మా.”

“అప్పుడు చూద్దామని పోయినసారి నేనూ అనుకున్నా. చూసేసరికి అయిపోయింది.”

“మరి లైను ఆగితే?”

“ఆగదు.”

“నోటితో ఆగదంటే ఆగిపోకుండా ఉంటుందా?”

“చేసి చూపిస్తా. సోమవారం నుంచి శనివారం దాకా, రోజుకి రెండుసార్లు, బిడ్డ వచ్చినట్టే లేస్తా.”

“బిడ్డ లేకుండానే పాలిస్తావా!” అన్నాడు మాస్టారు. లైను లైనంతా ఘొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది చేతుల వదిన. “నేను ముగ్గుర్ని కన్నానే తల్లీ, నన్నెవరు లేపి గదిలో కూర్చోబెట్టారు?” అంది, పక్కలకి చూస్తూ.

మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. “సరే. ఆరు రోజులు. ఒక్కసారి లైను ఆగిందా, ఈ మాట మళ్ళీ నా దగ్గర ఎత్తకూడదు. ఆగలేదా, గది నీది.”

ఒప్పందమైతే కుదిరింది. మరి రోజూ బిడ్డను మోసుకొచ్చేదెవరు? ఇంటి నుంచి కంపెనీకి పన్నెండు నిమిషాల నడక. భర్త సరుకుల వ్యాను నడుపుతాడు, పగలు ఏ ఊళ్ళో ఉంటాడో అతనికే తెలీదు. మిగిలింది అత్తగారు. ఆవిడ మోకాళ్ళ సంగతి వీధి వీధంతా ఎరుగును, ఎందుకంటే ఆవిడే చెప్తుంది.

“నేనా?” అంది అత్తగారు, బట్టలు మడతపెడుతున్నదల్లా ఆగి. “సీసా ఒకటుండగా ఈ ఊరేగింపు ఎందుకే అమ్మాయ్? మొదటిదాన్ని పెంచలేదూ నేను?”

“పెంచారు అత్తయ్యా. నేనే పెంచలేదు.”

అత్తగారు మొహం గంటు పెట్టుకుంది. ఆ పూట ఇద్దరి మధ్యా మాటల్లేవు.

కానీ కాలరమ్మ చేతులు ఊరుకోలేదు. కంపెనీలో కత్తిరింపుల కింద పోయే పీలికలు సంచీ నిండా తెచ్చుకుని, పాత దుప్పటి గుడ్డతో పాపాయిలా ఒక మూట కుట్టింది. రెండు నెలల బిడ్డ ఎంత తూగుతుందని నర్సమ్మనడిగి, చిల్లరకొట్టు తక్కెడలో తూయించి మరీ కూరింది. నాలుగున్నర కేజీలు. తల గట్టిగా, మెడ వదులుగా కుట్టింది, చెయ్యి కింద పెట్టకపోతే వెనక్కి వాలిపోయేట్టు. కూతురు పెన్ను తెచ్చి దానికి కళ్ళు గీసింది. గీసి, నానమ్మ వైపు తిరిగి, “దీనికి నోరే లేదు. నోరు లేకపోతే పాలెలా తాగుతుంది నానమ్మా?” అని, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నోరు గీసేసింది.

అత్తగారికి నవ్వాగలేదు. నవ్విందంటే సగం ఒప్పుకున్నట్టే. మూటని చేతుల్లోకి తీసుకుని బరువు చూసింది. “ఒక్క వారమే. మోకాలు పట్టేస్తే మధ్యలో మానేస్తా, ముందే చెప్తున్నా” అంది.

సోమవారం పొద్దున్న పదిన్నరకి రెండు నిమిషాలు ఉందనగా అత్తగారు కంపెనీ గుమ్మంలో దిగింది, ఒక చేత్తో పీలికల పాపాయి, ఒక చేత్తో మనవరాలు. దార్లో మందుల షాపాయన “ఎప్పుడు పుట్టిందమ్మా?” అని అడిగితే, కథంతా చెప్పే ఓపిక లేక “నిన్ననే” అనేసిందట. ఆయన పాపం సంబరపడి, కూర్చోమని కుర్చీ వేశాడట. మంగళవారం కూడా ఆ కుర్చీలో కాసేపు కూర్చుని, మోకాళ్ళు రాసుకుని వచ్చింది. బుధవారం కూర్చోబోతుంటే పాపాయి మెడ కాస్తా వెనక్కి వేలాడిపోయింది. ఆయన గల్లాపెట్టె దూకి వచ్చినంత పని చేశాడు. “పీలికలేనయ్యా, పీలికలు!” అని ఈవిడ అరవాల్సి వచ్చింది. ఆ తర్వాత వారం దాకా ఆయన పలకలేదు.

గుండీల గది గదంటే గది కాదు, మనిషి పడుకుంటే కాళ్ళు బయటికొస్తాయి. మూడు వైపులా అట్టపెట్టెలు. మధ్యలో బోర్లించిన చెక్కపెట్టె మీద కాలరమ్మ కూర్చునేది. నర్సమ్మ చూపించినట్టు పాపాయిని పొట్టకి పొట్ట ఆనించి, మెడ కింద అరచెయ్యి పెట్టి, తను వంగకుండా దగ్గరికి తెచ్చుకునేది. మొదటిరోజు భుజాలు పీక్కుపోయాయి. మోచేతి కింద మడతపెట్టిన గుడ్డ పెడితే సులువని మంగళవారానికి తెలిసింది.

ఆ మంగళవారమే అత్తగారు, పెట్టెల మీద రాసిన అంకెలు చూస్తూ అంది. “అప్పుడు నేను సీసా పట్టి నిద్రపుచ్చేదాన్ని. నువ్వు అలిసిపోయి వస్తావు, నీకు శ్రమ తగ్గిద్దామనుకున్నా. నావల్లే నీ పాలు పోయాయని నీ మనసులో ఉందేమో.”

“మీవల్ల కాదు అత్తయ్యా. ఈ గది అప్పుడూ ఇక్కడే ఉంది. అడగాలని నాకే తోచలేదు.”

అత్తగారు ముక్కు చీదుకుని, “చెయ్యి సరిగ్గా పెట్టు, మెడ వాలుతోంది” అంది.

ఇంతకీ లైను సంగతి. ఇరవై నిమిషాలు తను లేకపోతే చేతుల వదిన చేతులు ఖాళీ అవుతాయి. అందుకని కాలరమ్మ పొద్దున అరగంట ముందే వచ్చి, భుజాల ఆవిడని బతిమాలి ఎక్కువ పీసులు కలిపించుకుని, చకచకా కాలర్లు ఎక్కించి ఒక గుట్ట పేర్చి పెట్టేది. తను లేచినప్పుడు చేతుల వదిన ఆ గుట్టలోంచి తీసుకుని కుట్టేది. రెండు రోజులు లైను నూనె పోసినట్టు నడిచింది.

బుధవారం మధ్యాహ్నం బెడిసింది. ఆ రోజు వాచ్‌మెన్‌ల చొక్కాలు రెండు సైజులు నడుస్తున్నాయి. ముప్పై ఎనిమిదికి తెల్ల పీలిక, నలభైకి నీలం పీలిక కట్టి, కట్టలు కట్టలుగా మిషన్ నుంచి మిషన్‌కి పోతుంటాయి. కట్ట విప్పినావిడే మళ్ళీ కట్టి ముందుకి తొయ్యాలి. కాలరమ్మ తొందరలో రెండు కట్టలు విప్పి అన్నీ ఒకే గుట్టగా పేర్చేసింది. ఆ రంగు పీలికలేమో ఆమె ఒళ్ళోనే ఉండిపోయి, ఆమెతో పాటే గుండీల గదిలోకి వెళ్ళాయి.

చేతుల వదిన చెయ్యి ఎంత వేగమంటే, గుడ్డ కాస్త ఎక్కువొచ్చినా ముడత మింగించి కుట్టేస్తుంది. అలా ముప్పై ఎనిమిది సైజు చొక్కాలు పదకొండింటికి నలభై సైజు చేతులు కుట్టేసింది. పక్క కుట్లావిడ ఒకటెత్తి చూసి “ఇదేంటే, భుజాలు బుడగల్లా లేచాయి!” అంది. మాస్టారు ఆ చొక్కా తన ఒంటి మీదే పెట్టుకుని చూశాడు. అచ్చం నాటకంలో రాజుగారిలా ఉన్నాడు. ఎవరికీ నవ్వే ధైర్యం లేకపోయింది. ఠంగుమని కత్తెర మోగింది. లైను ఆగింది.

కాలరమ్మ ఒళ్ళో పీలికలతో బయటికొచ్చి చూసి, ఒక్క క్షణంలో గ్రహించింది.

“అయిపోయిందమ్మా. మాట మాటే” అన్నాడు మాస్టారు.

“తప్పు నాదే. పదకొండూ విప్పి కుట్టించే వెళ్తా. కానీ రేపు పదిన్నరకి మళ్ళీ లేస్తా.”

“ఒప్పుకున్నావుగా, ఒక్కసారి ఆగితే…”

“ఒప్పుకున్నా. కానీ మాస్టారూ, నేను లేచినందుకు ఆగలేదు, కట్ట విప్పినందుకు ఆగింది. కట్ట ఇంక విప్పను.”

“నాకు కోపం తెప్పించకు” అని ఆయన వెళ్ళిపోయాడు.

ఆ పొట్టతో నేల మీద కూర్చోవడం కుదరదు గనక, బల్ల మీదకి చొక్కాలు లాక్కుని కుట్లు విప్పడం మొదలెట్టింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. కాసేపటికి ఎదురుగా ఇంకో కుర్చీ జరిగిన చప్పుడైంది. చేతుల వదిన. ఒక చొక్కా లాక్కుని తనూ విప్పసాగింది.

“నీలం తెలుపు చూసుకోకుండా కుట్టింది నేనేగా. సగం పాపం నాది.” దారం పళ్ళతో కొరికి మళ్ళీ అంది. “నేను రొమ్ములకి గుడ్డ బిగించి కట్టుకుని కుట్టేదాన్ని, ముగ్గురికీ. జ్వరమొచ్చేది. మొన్న నువ్వు అడుగుతుంటే నవ్వానుగాని, ఇంటికెళ్ళాక నవ్వు రాలేదే.”

కాలరమ్మ ఆవిడ చేతి మీద చెయ్యి వేసింది. విప్పాల్సినవి ఇంకా ఏడున్నాయి.

విప్పుతూ విప్పుతూ కాలరమ్మ చూపు లైను చివరికి పోయింది. అక్కడ దారాల పెద్దమ్మ తన ముందు పేరుకున్న చొక్కాల దగ్గర తాపీగా కూర్చుని ఉంది. లైను ఆగినా ఆవిణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. ఎందుకంటే ఆవిడ తర్వాత ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరు. ఆవిడ దగ్గర గుట్ట పడితే సాయంత్రంలోగా కరుగుతుంది, అంతే. కాలరమ్మ చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ తను కుర్చీ ఖాళీగా వదిలేసి, ఆ ఖాళీని గుట్టలతో నింపాలని చూసింది. కుర్చీలోకి మనిషే వస్తే?

“పెద్దమ్మా, నువ్వు దారాల్లోకి రాకముందు ఏం కుట్టేదానివి?”

“బాగుంది! ఈ ఆరో మిషన్ నాదేనే. నడుము పట్టేసి ఇటొచ్చానుగాని పదకొండేళ్ళు కాలరెక్కించా. ఎవరికి గుర్తుంటుందిలే.”

“ఇరవై నిమిషాలు కూర్చుంటే నడుము ఏమంటుంది?”

పెద్దమ్మ చేతిలో కత్తెర తిప్పుతూ ఆలోచించింది. “ఇరవై నిమిషాలకి ఏమీ అనదు. ఇరవై ఒకటైతే తిడుతుంది. నువ్వు టైముకి వస్తావా?”

“వస్తా.”

గురువారం పదిన్నరకి అత్తగారు గుమ్మంలో కనపడగానే కాలరమ్మ లేచింది. మాస్టారు కత్తెర పట్టుకునే వచ్చాడు. వచ్చేసరికి ఆరో మిషన్ మీద పెద్దమ్మ, కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని, కాలరు ఎక్కిస్తోంది. కట్టకి నీలం పీలిక కట్టింది కట్టినట్టే ఉంది. చేతుల వదిన దగ్గరికి పీసు వెళ్ళింది, ఆమె దగ్గర్నుంచి పక్క కుట్లకి వెళ్ళింది. ఆగినచోటంటూ లేదు. లైను చివర మాత్రం దారాల చొక్కాలు మోకాలెత్తు పేరుకున్నాయి. భోజనాల వేళకి ఆ గుట్ట కూడా కరిగిపోయింది. మాస్టారు రెండుసార్లు ఈ కొస నుంచి ఆ కొసకి నడిచి, కొట్టడానికి కారణం దొరక్క, కత్తెర బల్ల మీద మెల్లగా పెట్టాడు. అవునని అనలేదు, కాదనీ అనలేదు. శుక్రవారమూ అంతే.

శనివారం మధ్యాహ్నం మూడున్నర. అదే ఆఖరిసారి. కాలరమ్మ గదిలో కూర్చుని ఉంది. ఇవాళ్టికీ మాస్టారి నోట్లోంచి మాట ఊడిపడలేదు. ఊడకపోతే మూడు నెలల తర్వాత వచ్చి మళ్ళీ మొదట్నుంచీ యుద్ధం చెయ్యాలి, అప్పుడు ఒళ్ళో పీలికలుండవు. అత్తగారు తలుపు బయట స్టూలు మీద కూర్చుంది, మనవరాలు ఆవిడ కాళ్ళ దగ్గర.

అంతలో మాస్టారి చెప్పుల చప్పుడు.

“జరగండమ్మా. ఐదో నంబరు గుండీలు కావాలి.”

“తలుపు కొట్టండి” అంది అత్తగారు.

“లోపలున్నది మీ కోడలేగా! ఒళ్ళో ఉన్నవి నా కంపెనీ పీలికలేగా!”

“ఇవాళ పీలికలే. మూడు నెలలకి నా మనవడో మనవరాలో. అప్పటికప్పుడు మీకు అలవాటు ఎక్కడ్నుంచి వస్తుంది? ఇప్పుడే నేర్చుకోండి.”

“పాపాయి తాగుతోంది, తాతా” అంది పిల్ల, చాలా గంభీరంగా.

లైను ఆగలేదుగాని ప్రతి తలా అటే తిరిగింది. తర్వాత తలుపు మీద మెల్లగా రెండు దెబ్బలు పడ్డాయి.

“ఏమ్మా… గుండీలు కావాలి.”

ఆమె కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. ఇన్నేళ్ళుగా మాస్టారు పిలిస్తే లేవడమే అలవాటు. సగం లేచింది కూడా. గోడ మీది గడియారం చూసింది. మళ్ళీ కూర్చుంది. మోచేతి కింద గుడ్డ సర్దుకుని, పాపాయి మెడ కింద చెయ్యి పెట్టి, గొంతు సవరించుకుంది.

“ఇంకా ఎనిమిది నిమిషాలుంది మాస్టారూ.”

బయట చెప్పుల చప్పుడు వెనక్కి మళ్ళింది.

ఎనిమిది నిమిషాలకి తలుపు తీసేసరికి ఆయన ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆమె వైపు చూడలేదు. లోపలికెళ్ళి ఒక అట్టపెట్టె ఎత్తుకుని తన బల్ల కిందికి తీసుకుపోయాడు. వచ్చి ఇంకోటి ఎత్తుకున్నాడు. నాలుగో పెట్టెకి ఆయాసపడుతూ ఆగి, “గుండీలు ఇక్కడుంటే రోజూ నేను తలుపులు కొట్టుకుంటూ కూర్చోవాలి. నాకంత తీరిక లేదు” అన్నాడు. “కుర్చీ ఒకటి వేయిస్తా.”

“వీపు ఆనుకునేది, చేతులున్నది చూడండి” అంది అత్తగారు.

“ఇంకేమన్నా ఉందా?”

“గొళ్ళెం” అంది కాలరమ్మ. “బయటే ఉంది. లోపల కావాలి.”

ఆరో మిషన్ దగ్గర్నుంచి పెద్దమ్మ కేకేసింది, ఇరవై ఒకటయిందే, నడుము తిడుతోందని. కాలరమ్మ పాపాయిని అత్తగారి చేతుల్లో పెట్టి అటు నడిచింది. మాస్టారు తలుపు సగం మూసి, గొళ్ళెం ఎంత ఎత్తులో ఉంటే కూర్చున్న మనిషి చేతికి అందుతుందో వంగి చూసుకుని, చెవి మీది పెన్సిలు తీసి అక్కడో గీత గీశాడు.